లోడ్ పడగానే పీసీ ఆగిపోతుంటే: నా అనుభవం

బ్రౌజింగ్‌కి ఏమీ కాదు. గేమ్ మొదలెట్టగానే టప్పున ఆఫ్. బ్లూ స్క్రీన్ రాదు. విండోస్ లాగ్ చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 (సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందన్న నమోదు) ఒక్కటే.

ర్యామ్‌ని రబ్బరుతో రుద్దడం, థర్మల్ పేస్ట్, విండోస్ మళ్లీ ఎక్కించడం: మూడూ దండగ.

ఇక అనుమానం ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె) మీదికి పోయింది. మదర్‌బోర్డు లేకుండా దాన్ని ఆన్ చేసే పేపర్ క్లిప్ పరీక్షలో ఫ్యాన్ తిరిగింది. దాన్ని నమ్మొద్దు, లోడ్ లేనప్పుడు సగం పోయినదీ తిరుగుతుంది. తేల్చింది మల్టీమీటర్. ఎండాకాలం బెజవాడలో ఏసీలన్నీ నడిచే వేళ కరెంటు మీదే అనుమానం వస్తుంది కాబట్టి ముందు సాకెట్ చూశాను: 226 వోల్టులు, బాగానే ఉంది. తర్వాత మీటర్‌ని డీసీ 20 మీద పెట్టి, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఖాళీ మోలెక్స్ (నాలుగు పిన్నుల) కనెక్టర్‌లో నల్ల వైరు దగ్గర నల్ల ప్రోబ్, పసుపు వైరు దగ్గర ఎర్ర ప్రోబ్. ప్రోబ్ మొనలు ఒకదానికొకటి తగలకూడదు. ఊరికే ఉన్నప్పుడు 11.9, గేమ్ పెట్టగానే 11.1కి జారి ఆఫ్. ఉండాల్సింది 11.4 నుంచి 12.6 వోల్టులు.

మార్చేటప్పుడు ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టాను. కేబుళ్లకి ఫోటో తీసి 24 పిన్, సీపీయూ 8 పిన్, గ్రాఫిక్స్ కార్డు, సాటా (డిస్కులకి వెళ్లేవి) విప్పాను. వెనక నాలుగు స్క్రూలు. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడొచ్చేది) అయితే పాత కేబుళ్లు కొత్తదానికి పెట్టొద్దు: ప్లగ్ సరిపోయినా పిన్నుల వరస వేరుగా ఉండి హార్డ్ డిస్కులు కాలిపోతాయి. పాతదాన్ని విప్పి చూడొద్దు, లోపలి కెపాసిటర్లో 300 వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు.

450 వాట్లది తీసి 550 పెట్టాక మళ్లీ ఆగలేదు. అయితే మీటర్‌లో 12 నిలకడగా ఉండీ ఆగిపోతుంటే వెంటనే ఎస్‌ఎంపీఎస్ కొనేయకండి. వోల్టేజీ క్షణకాలం పడిపోతే మీటర్‌కి చిక్కదు, మదర్‌బోర్డు వేడెక్కినా ఇదే లక్షణం. వేరే ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి చూడటం మేలు.