నైట్‌షిఫ్ట్ వాళ్లు సంగటి ఏ వేళకి తినాలి?
శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో నైట్‌షిఫ్ట్ చేస్తూ, తిండి తగ్గించినా పొట్ట తగ్గలేదా? తినే వేళ చూడండి. రాత్రి నిద్ర హార్మోన్ మెలటోనిన్ పెరిగితే ఇన్సులిన్ విడుదల మందగిస్తుంది. అదే సంగటి ముద్ద రాత్రి 1 గంటకి తింటే రక్తంలో చక్కెర ఎక్కువసేపు నిలబడుతుంది. ముద్ద, పప్పు డ్యూటీకి ముందే, రాత్రి 7–8 మధ్య కానిచ్చేయండి. నడిరేయి ఆకలేస్తే ఉడికించిన గుడ్డో, గుప్పెడు గుగ్గిళ్లో, మజ్జిగో చాలు.

రాత్రి 2 దాటాక టీ వద్దు. కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు. తెల్లారి కంపెనీ బస్సులో చలవ కళ్లద్దాలు పెట్టుకోండి, ఎండ కంట్లో పడితే మెదడు నిద్రను వెనక్కి నెడుతుంది. పగలు వెలుగు రాకుండా పడకగది కిటికీకి మందపాటి దుప్పటి కట్టినా సరే. నిద్ర చాలనిరోజే బస్టాండులో పూరీ వాసన లాగేస్తుంది, అది ఆకలి పెంచే హార్మోన్ గ్రెలిన్ పని.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే వేళలు మార్చండి.