ఇంట్లో కంప్యూటర్ మీద చెస్ ఇంజన్లకు టోర్నమెంట్ పెట్టడం ఎలా

రెండు ఇంజన్లను, అంటే చదరంగం ఆడే ప్రోగ్రామ్‌లను, ఎదురెదురుగా పెట్టి ఆడించడం 5 నిమిషాల పని. వచ్చిన ఫలితాన్ని నమ్మాలంటేనే చాకిరీ. 10 ఆటల్లో 6–4తో గెలిచిన ఇంజన్ నిజంగా గట్టిదేనా? ఆ స్కోరుకు లెక్క ప్రకారం 70 ఈలో (ఆటగాళ్ళ బలాన్ని అంకెల్లో చెప్పే రేటింగ్) పాయింట్ల ఆధిక్యం వస్తుంది. సగం ఆటలు డ్రా అయ్యే జోడీకైతే, 10 ఆటల్లో ఆ అంకె అటూ ఇటూ 150 పాయింట్ల దాకా ఊగుతుంది. అంటే ఓడినదే బలమైనది అయినా ఆశ్చర్యం లేదు. పైగా ఆ పదిలో ఒకటి టైం అయిపోయి ఓడినదీ, రెండు అచ్చంగా ఒకే ఆట మళ్ళీ ఆడినవీ అయితే ఇక చెప్పేదేముంది. కింద రాసిందంతా 8 కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు డెస్క్‌టాప్‌ను మనసులో పెట్టుకుని రాసింది.

ఆడించే ప్రోగ్రామ్

ఇంజన్‌కు బోర్డు ఉండదు, బొమ్మలు ఉండవు. నల్ల తెర మీద అక్షరాల్లో ప్రశ్న తీసుకుని అక్షరాల్లో జవాబిచ్చే ప్రోగ్రామ్ అది, అంతే. ఆ సంభాషణకు ఇప్పుడు దాదాపు అందరూ వాడేది యూసీఐ పద్ధతి. రుడాల్ఫ్ హ్యూబర్, స్టెఫాన్ మేయర్-కాలెన్ 2000లో విడుదల చేశారు. పాత ఇంజన్లు కొన్ని విన్‌బోర్డ్ పద్ధతిలో మాట్లాడతాయి. ఈ రెండూ అర్థమయ్యే మధ్యవర్తి ప్రోగ్రామ్ ఒకటి కావాలి. గడియారం నడిపేది, ఎత్తు చెల్లుతుందో లేదో చూసేది, ఆటలు పీజీఎన్ ఫైల్లో (ఎత్తులన్నీ అక్షరాల్లో దాచే ఫైల్) రాసేది అదే.

కొత్తగా మొదలుపెట్టేవారికి క్యూట్ చెస్ మంచిది. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, విండో ఉన్న రూపమూ కమాండ్ లైన్ రూపమూ రెండూ ఉన్నాయి. అరీనా కూడా ఉచితమే, చూడటానికి బాగుంటుంది. కానీ వందల ఆటలు ఒకేసారి నాలుగైదు చొప్పున తోలాలంటే క్యూట్ చెస్సే హాయి. వేల ఆటలకు వెళితే ఫాస్ట్‌చెస్ ఉంది. దానికి బోర్డు కనపడదు, కమాండ్ లైన్ ఒక్కటే. ఆగిన మ్యాచ్‌ను ఆగిన చోటు నుంచి మళ్ళీ ఎత్తుకునే వీలు అందులో ఉంది. కరెంటు మీద నమ్మకం లేని ఊళ్ళో ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇంజన్‌ను ముందు విడిగా పలకరించాలి

డౌన్‌లోడ్ చేసిన ఇంజన్‌ను నేరుగా టోర్నమెంట్‌లోకి తోయకండి. టెర్మినల్ తెరిచి ఆ ఫైల్‌ను విడిగా నడపండి. ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో ‘యూసీఐ’ అని కొట్టి ఎంటర్ నొక్కితే తన పేరు, తన ఆప్షన్ల జాబితా చెప్పి చివర ‘యూసీఐ ఓకే’ అంటుంది. ‘ఈజ్ రెడీ’ అంటే ‘రెడీ ఓకే’ అనాలి. ‘గో డెప్త్ 15’ అంటే కాసేపు లెక్క వేసి ‘బెస్ట్ మూవ్’ అనే వరుసతో ఆపాలి. ఈ మూడూ సరిగ్గా జరిగితే ఆడటానికి పనికొస్తుంది.

పలకకుండానే చచ్చిపోతే పదిలో తొమ్మిదిసార్లు కారణం ప్రాసెసర్‌కు సరిపడని బిల్డ్. ఒకే ఇంజన్ ఏవీఎక్స్2 అని, బీఎంఐ2 అని, పాప్‌కౌంట్ అని రకరకాల ఫైళ్ళుగా దొరుకుతుంది. మీ ప్రాసెసర్‌కు రాని ఆదేశాలున్న ఫైల్ తెస్తే వెంటనే పడిపోతుంది. భయపడి అన్నిటికన్నా పాత బిల్డ్ తెచ్చుకోవడమూ తప్పే: పడిపోదు కానీ నెమ్మదిగా లెక్కిస్తుంది, దాని ప్రత్యర్థి మాత్రం వేగంగా ఆడుతుంది. పోటీలో ఉన్న ప్రతి ఇంజన్‌కూ మీ ప్రాసెసర్ మోయగల అత్యంత వేగమైన బిల్డే పెట్టాలి.

రెండో కారణం నెట్‌వర్క్ ఫైల్, అంటే స్థితి ఎవరికి ఎంత అనుకూలమో అంచనా వేసే న్యూరల్ నెట్‌వర్క్ ఉన్న ఫైల్. స్టాక్‌ఫిష్ 2020లో 12వ వెర్షన్ నుంచి న్యూరల్ నెట్‌వర్క్ వాడుతోంది, అది ప్రోగ్రామ్ ఫైల్లోనే ఇమిడి వస్తుంది. లీలా చెస్ జీరోకు మాత్రం నెట్‌వర్క్ ఫైల్ విడిగా ఉండాలి. విడి ఫైళ్ళున్న ఇంజన్ వాటిని తన వర్కింగ్ డైరెక్టరీలో వెతుకుతుంది. టెర్మినల్‌లో చక్కగా నడిచిన ఇంజన్ క్యూట్ చెస్‌లోకి రాగానే పడిపోయిందంటే ముందు చూడాల్సింది ఇంజన్ సెట్టింగుల్లోని వర్కింగ్ డైరెక్టరీ గడినే.

క్యూట్ చెస్‌లో టూల్స్ మెనూ, సెట్టింగ్స్, ఇంజన్స్ ట్యాబ్‌లోకి వెళ్ళి ప్రతి ఇంజన్‌నూ చేర్చాలి. పేరులో వెర్షన్ నంబరు తప్పనిసరిగా రాయండి. ఆరు నెలల తర్వాత పీజీఎన్ తెరిస్తే వట్టి ‘స్టాక్‌ఫిష్’ అన్న పేరు దేనికీ పనికిరాదు.

కోర్లు, హ్యాష్, గడియారం

ఇక్కడే ఎక్కువమంది బోర్లా పడతారు. ఒకేసారి ఎన్ని ఆటలు నడపాలన్నది థ్రెడ్ల (కోర్లు ఒకేసారి నడిపే పనుల వరుసలు) లెక్కన కాదు, అసలు కోర్ల లెక్కన చూడాలి. 8 కోర్ల ప్రాసెసర్ టాస్క్ మేనేజర్‌లో 16గా కనిపించవచ్చు. ఆ 16 నమ్మి 16 ఆటలు పెడితే ఒక్కో కోరును రెండు ఇంజన్లు పంచుకుని రెండూ కుంటుతాయి. ఒక ఇంజన్‌కు ఒక థ్రెడ్, పాండరింగ్ (ఎదుటివారి వంతులో కూడా లెక్కించడం) ఆఫ్, ఒకేసారి 6 ఆటలు. మిగిలిన 2 కోర్లు విండోస్‌కూ మధ్యవర్తికీ వదిలేయండి. పాండరింగ్ ఆపితే ఎత్తు వేయాల్సిన ఇంజనే లెక్కిస్తుంది, రెండోది ఊరికే ఉంటుంది, కాబట్టి ఆటకు ఒక కోరు సరిపోతుంది. ఆన్‌లో ఉంటే ఆటకు రెండు కోర్లు కావాలి.

ఈ లెక్క మీ యంత్రానికి సరిపోయిందో లేదో చూడటానికి తేలిక దారి ఉంది. స్టాక్‌ఫిష్‌ను టెర్మినల్‌లో తెరిచి ‘బెంచ్’ అని కొట్టండి. చివర్లో సెకనుకు ఎన్ని నోడ్లు (స్థితులు) లెక్కించిందో చెబుతుంది. ఆ అంకె రాసుకుని, అదే పనిని ఆరు టెర్మినళ్ళలో ఒకేసారి చేయండి. కొంత తగ్గడం సహజం, ఎందుకంటే అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు ప్రాసెసర్ తన టర్బో వేగం తగ్గించుకుంటుంది. కానీ ఒక టెర్మినల్‌లో ఎక్కువ, పక్కదాంట్లో దానిలో సగం కనిపిస్తే కోర్ల పంపకంలో లోపం ఉంది. అన్నీ సమానం అయ్యేదాకా ఆటల సంఖ్య తగ్గించండి. వేగమైన కోర్లు, పొదుపు కోర్లు కలిపి వచ్చే కొత్త ప్రాసెసర్లలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ వేగమైన కోర్ల సంఖ్యకు మించి ఆటలు పెట్టకూడదు.

ల్యాప్‌టాప్ అయితే మే నెలలో పొడుగాటి టోర్నమెంట్ పెట్టకండి. మొదటి అరగంట ఆటలు ఒక వేగంతో, వేడెక్కాక మిగతావి ఇంకో వేగంతో సాగుతాయి. తప్పదంటే టర్బోను బయాస్‌లో ఆపేస్తే వేగం తగ్గినా నిలకడగా ఉంటుంది. స్లీప్ మోడ్ ఆఫ్ చేయండి, ఇంజన్ల ఫోల్డర్‌ను యాంటీవైరస్ స్కాన్ నుంచి తప్పించండి.

హ్యాష్ అంటే ఇంజన్ తాను చూసిన స్థితుల్ని దాచుకునే జ్ఞాపకం. ఒక్కో ఆటకు రెండు ఇంజన్లు, కాబట్టి 6 ఆటలకు 12 హ్యాష్‌లు. ఒక్కోటి 128 ఎంబీ అనుకుంటే 1536 ఎంబీ, 16 జీబీలో హాయిగా ఇముడుతుంది. 1 జీబీ చొప్పున ఇస్తే 12 జీబీ పోయి, విండోస్ డిస్క్ మీదకు సర్దడం మొదలుపెట్టి, అన్ని ఇంజన్లూ టైంకి ఓడటం మొదలవుతుంది. చిన్న ఆటలకు పెద్ద హ్యాష్ అక్కర్లేదు కూడా: స్టాక్‌ఫిష్ మార్పులను పరీక్షించే ఫిష్‌టెస్ట్ వేదిక 10 సెకన్ల ఆటలకు 16 ఎంబీ, 60 సెకన్ల ఆటలకు 64 ఎంబీ వాడుతుంది. ఎంత ఇచ్చినా అందరికీ ఒకటే ఇవ్వాలి. ఒక్కో ఇంజన్ తన సొంత డిఫాల్ట్‌తో వస్తుంది, చేత్తో మార్చకపోతే అదే మిగిలిపోతుంది.

గడియారానికి ‘10+0.1’ అంటే ఆట మొత్తానికి 10 సెకన్లు, ప్రతి ఎత్తుకూ 0.1 సెకను అదనం. ఆట సగటున 60 ఎత్తులు సాగుతుందనుకుంటే ఒక్కో వైపు 16 సెకన్లు, మొత్తం 32. వెయ్యి ఆటలు 32,000 సెకన్లు. 6 చొప్పున నడిపితే గంటన్నర. అదే ‘60+0.6’ పెడితే ఆటకు 192 సెకన్లు, వెయ్యి ఆటలకు దాదాపు 9 గంటలు, అంటే ఒక రాత్రి. అదనపు సమయం లేని గడియారం మాత్రం పెట్టొద్దు. రాజు, ఏనుగు మిగిలిన ఆఖరి దశలో 100 ఎత్తులు సాగే ఆటలు టైం తొక్కిసలాటగా మారి, చదరంగం బలం కాకుండా ఇంజన్ టైం లెక్కలో చాకచక్యం తేలుతుంది.

ఓపెనింగ్ ఫైల్ లేకుండా మొదలుపెట్టొద్దు

ఒక్క థ్రెడ్‌తో నడిచే రెండు ఇంజన్లు మొదటి స్థితి నుంచి ఆడితే చేసిన ఆటే మళ్ళీ మళ్ళీ చేసే ప్రమాదం ఉంది. వందసార్లు ఆడించినా చేతికొచ్చేది నాలుగైదు ఆటల సమాచారమే. అందుకే ప్రతి జోడీ ఆటకూ వేరే ఓపెనింగ్ (ముందే నిర్ణయించిన మొదటి ఎత్తుల వరుస) ఇచ్చే ఫైల్ కావాలి. అదే ఓపెనింగ్‌ను రంగులు మార్చి రెండుసార్లు ఆడించాలి, లేకపోతే తెల్లపావులకు అనుకూలమైన ఓపెనింగ్ ఎవరికి పడితే వారికి లాభం. కాబట్టి ఆటల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే, ఓపెనింగ్‌ను రిపీట్ చేసే గడి ఎప్పుడూ ఆన్‌లోనే.

మధ్యస్థాయి ఇంజన్లకు 8 ఎత్తుల దాకా ఉన్న సమతూకమైన ఓపెనింగ్ ఫైళ్ళు బాగుంటాయి. క్యూట్ చెస్‌లో ఓపెనింగ్ లోతును ప్లైలలో అడుగుతుంది. ప్లై అంటే ఒక్క వైపు ఎత్తు. 8 ఎత్తులంటే అక్కడ 16 రాయాలి, 8 రాస్తే సగంలో తెగుతుంది. బాగా గట్టి ఇంజన్లకు సమతూకం పనికిరాదు, దాదాపు అన్నీ డ్రా అయిపోతాయి. అందుకోసం స్టెఫాన్ పోల్ తయారుచేసిన యూహెచ్ఓ ఫైళ్ళు ఉన్నాయి. వాటిలో ఒక వైపుకు కావాలనే కొంత మొగ్గు ఉంటుంది. గట్టి ఇంజన్ మొగ్గు ఉన్నప్పుడు గెలుస్తుంది, లేనప్పుడు డ్రాతో నిలబెట్టుకుంటుంది, తేడా అలా బయటపడుతుంది. ఇంజన్‌కు సొంత ఓపెనింగ్ పుస్తకం ఉంటే ఆపేయండి.

ఆటను తొందరగా ముగించే నియమాలు

గెలిచిపోయిన ఆటను ఆట కట్టయ్యేదాకా సాగదీస్తే సమయం దండగ. ఫిష్‌టెస్ట్ వాడే కొలత నమ్మదగినది: 34వ ఎత్తు దాటాక రెండు ఇంజన్లూ వరుసగా 8 ఎత్తులు స్కోరు 20 సెంటీపాన్లలోపు (సెంటీపాన్ అంటే స్థితి ఎవరికి ఎంత మొగ్గుగా ఉందో చెప్పే కొలత) చూపిస్తే డ్రా, ఓడుతున్న ఇంజన్ వరుసగా 3 ఎత్తులు 600కు మించి వెనకబడితే ఓటమి. ఇందులో ఒక చిక్కుంది. సెంటీపాన్ అందరికీ ఒకే కొలత కాదు. స్టాక్‌ఫిష్ 15.1 నుంచి 100 అంటే గెలిచే అవకాశం 50 శాతం అని సర్దారు. ఇంకో ఇంజన్‌కు 100 అంటే వట్టి ఒక బంటు విలువ కావచ్చు. రకరకాల ఇంజన్లు ఆడే టోర్నమెంట్‌లో ఓటమి నియమానికి రెండు వైపులా ఒప్పుకోవాలనే షరతు పెట్టండి, హద్దు 1000కి పెంచండి.

సిజిజీ టేబుల్‌బేస్‌లు, అంటే కొద్ది పావులే మిగిలిన స్థితులన్నిటికీ ఫలితం ముందే లెక్కించి దాచిన ఫైళ్ళు, ఉంటే ఇంకా నయం. రాజులతో కలిపి 5 పావుల దాకా ఉన్న ఫైళ్ళన్నీ కలిపి 1 జీబీ లోపే. 6 పావులవి దాదాపు 150 జీబీ. వీటిని ఎస్ఎస్‌డీ మీదే పెట్టాలి. పాత హార్డ్ డిస్క్ మీద పెడితే ఇంజన్ వాటిని చదవడానికి ఆగి గడియారం పడగొట్టుకుంటుంది.

తీరు, ఆటల సంఖ్య

ఆరు ఇంజన్లు ఒకదానితో ఒకటి ఆడే రౌండ్ రాబిన్‌లో 15 జోడీలు. జోడీకి 20 ఆటలైతే మొత్తం 300, ఒక్కో ఇంజన్‌కు 100. కొత్త వెర్షన్ ఒకటి పాతవాటి మధ్య ఎక్కడ నిలుస్తుందో చూడాలంటే గాంట్‌లెట్ మేలు: అదొక్కటే అందరితో ఆడుతుంది, మిగతావి తమలో తాము ఆడి కాలం తినవు. నాకౌట్ చూడటానికి సరదా, కొలవడానికి కాదు.

సగం ఆటలు డ్రా అయ్యే జోడీకి 100 ఆటల తర్వాత పొరపాటు హద్దు అటూ ఇటూ 48 ఈలో, 1,000 ఆటలకు 15, 10,000 ఆటలకు 5. హద్దును సగం చేయాలంటే ఆటలు నాలుగింతలు కావాలి. 10 పాయింట్ల తేడా కోసం 200 ఆటలు ఆడించి గొడవపడేవారు ఈ లెక్కను ఓసారి చూసుకుంటే మంచిది.

మొదటి 20 ఆటలయ్యాక

ఆపి, పీజీఎన్ తెరవండి. ప్రతి ఎత్తు పక్కన +0.35/18 లాంటి అంకె, దాని వెనక సమయం ఉంటాయి: మొదటిది స్కోరు, గీత తర్వాతది లోతు, అంటే ఎన్ని ప్లైలు ముందుకు లెక్కించిందో. ఒక ఇంజన్ లోతు ప్రతి ఎత్తుకూ 1 లేదా 2 దగ్గరే ఆగుతుంటే దానికి గడియారం సరిగా అందడం లేదు. తర్వాత ముగింపు కారణం ఉన్న వరుసలు వెతకండి. ‘టైం ఫర్‌ఫీట్’ ఒక్క ఇంజన్‌కే వస్తుంటే దాని మూవ్ ఓవర్‌హెడ్ (ప్రతి ఎత్తుకూ ఆలస్యాల కోసం పక్కన పెట్టే సమయం) ఆప్షన్ పెంచండి; స్టాక్‌ఫిష్‌లో అది 10 మిల్లీసెకన్లు, దాన్ని 50 లేదా 100 చేయవచ్చు. అన్నిటికీ వస్తుంటే తప్పు ఇంజన్లది కాదు, కోర్ల మీద భారం ఎక్కువైంది. ‘అబాండన్డ్’ అంటే ఇంజన్ మధ్యలో పడిపోయింది, ‘స్టాల్డ్’ అంటే జవాబివ్వడం మానేసింది. పడిపోయిన ఇంజన్‌ను మళ్ళీ లేపి కొనసాగించే ఆప్షన్ ఉంది. ఆన్‌లో పెట్టండి, కానీ అలా ఎన్ని ఆటలు పోయాయో లెక్క పెట్టండి. నూటికి ఒకటి దాటితే ఆ ఇంజన్‌ను పక్కన పెట్టి సరిచేయండి.

అంతా బాగుంటే ఆ 20 ఆటలూ పారేసి మొదటి నుంచి మొదలుపెట్టండి. సెట్టింగులు మార్చకముందువీ మార్చాకవీ ఒకే ఫైల్లో కలిస్తే విడదీయడం నరకం. అన్నీ అయ్యాక పీజీఎన్‌ను ఓర్డో లేదా బేయెస్ఈలో అనే రేటింగ్ లెక్కించే ప్రోగ్రామ్‌కు ఇస్తే రేటింగ్ జాబితా వస్తుంది. అందులో కనపడే 2800, 3400 లాంటి అంకెలకు సొంతంగా అర్థం లేదు, ఇంజన్ల మధ్య తేడాలే నిజం. కాబట్టి బాగా తెలిసిన ఒక ఇంజన్‌ను లంగరుగా తీసుకుని, దాని రేటింగ్‌ను ఒక అంకె దగ్గర కట్టేసి, జాబితా పైన ప్రాసెసర్, గడియారం, హ్యాష్, ఓపెనింగ్ ఫైల్ పేరు రాసి పెట్టండి.