మనిషి బొమ్మ గీయడం ఎలా? కండల కంటే ముందు నడుము

బొమ్మలు నేర్చుకుంటున్నామని వచ్చేవాళ్ల పుస్తకం తెరిస్తే దాదాపు ఎప్పుడూ ఒకటే వరస. మొదటి పేజీలో కన్ను. రెండో పేజీలో ఇంకా శ్రద్ధగా షేడింగ్ చేసిన కన్ను. మూడో పేజీలో అదే కన్ను కన్నీరు కారుస్తూ ఉంటుంది. నాలుగో పేజీలో ధైర్యం చేసి మనిషి మొత్తాన్ని గీశారు. అతను బట్టల దుకాణం ముందు నిలబెట్టిన ప్లాస్టిక్ బొమ్మలా ఉన్నాడు. ఏళ్ల తరబడి ఇదే చూసి విసిగిపోయి రాస్తున్నాను.

నా పద్ధతికి రోజుకు అరగంట చాలు, కానీ ఏ రోజూ మానకూడదు. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని, మిగతా వారమంతా పుస్తకం ముట్టనివాళ్లకు ఇది పని చేయదు.

సామాను సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. ఒక 4బి పెన్సిల్, గీతలు లేని చవక నోటుపుస్తకం. కాగితం ఖరీదైనదైతే చేయి జంకుతుంది. పెన్సిల్‌ను బ్లేడుతో మొన పొడుగ్గా చెక్కండి. రబ్బరు ఇంట్లో వదిలేసి రండి. తప్పు గీత పక్కనే సరైన గీత పడాలి, రెండూ కనిపిస్తూ ఉండాలి.

కొలతలు కూడా ఒక సాయంత్రం పనే. తల ఎత్తును కొలబద్దగా తీసుకుంటే మామూలు పెద్ద మనిషి ఏడున్నర తలలు ఉంటాడు. బొమ్మలో హుందాగా కనిపించాలని ఎనిమిది చేస్తారు. ఏడాది బిడ్డ నాలుగు తలలే. నిలబడిన మనిషి ఎత్తుకు సగం కాళ్లు చీలే చోట వస్తుంది, తల ఎత్తుకు సగం కళ్ల దగ్గర వస్తుంది. వేలాడే చేతి మోచేయి నడుము దగ్గరికి, మణికట్టు కాళ్లు చీలే చోటికి దిగుతాయి. అరచేయి వేళ్లతో సహా గడ్డం నుంచి నుదుటి మీది జుట్టు అంచు దాకా వస్తుంది. మన శిల్పశాస్త్రంలో నవతాలం అనే కొలతను తొమ్మిది తలలనుకుని సాగదీసేవాళ్లున్నారు. అక్కడ తాలం అంటే ముఖం పొడవు, తల పొడవు కాదు.

తర్వాత వేగం. ఒక్కో బొమ్మకు ఒక్కటే నిమిషం, రోజుకు పది బొమ్మలు. ముఖం లేదు, వేళ్లు లేవు, బట్టలు లేవు. తలకు ఒక కోడిగుడ్డు, ఛాతీకి ఇంకో పెద్ద గుడ్డు, తుంటికి చిన్న గిన్నె, వాటిని కలుపుతూ వెన్ను గీత, కాళ్లూ చేతులకు ఒక్కో గీత. వారం రోజుల్లో చేయి సాగుతుంది. బస్టాండును మించిన బడి లేదు. మనుషులు కదిలిపోతారని కంగారు పడకండి. ఒక కాలు నొప్పి పుడితే రెండో కాలి మీదికి మారతారు, కాసేపటికి మళ్లీ మొదటి భంగిమకే వస్తారు. ఆ పేజీని అలాగే ఉంచి పక్క పేజీలో ఇంకొకరిని మొదలుపెట్టండి. ఎవరైనా గమనించి ఇబ్బంది పడితే పుస్తకం మూసేయండి.

ఇక అసలు చిక్కు. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే.

మనిషి రెండు కాళ్ల మీద సమానంగా నిలబడడం ఫోటో స్టూడియోలో తప్ప అరుదు. బరువంతా ఒక కాలి మీద వేసి, రెండో మోకాలు సడలిస్తాడు. బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, సడలిన వైపు దిగుతుంది. తుంటి అలా వాలినప్పుడు పైనున్న ఛాతీ కూడా అటే వాలితే మనిషి తూలిపోతాడు. అందుకని వెన్నెముక వంపు తిరిగి ఛాతీని ఎదురు వైపుకు తెస్తుంది, బరువు కాలి వైపు భుజం దిగుతుంది. ఆ పక్క నడుము నొక్కుకుని మడత పడుతుంది, రెండో పక్క సాగుతుంది. ఇదంతా ఒకేసారి జరుగుతుంది. మన శిల్పులు సమభంగం, ఆభంగం, త్రిభంగం, అతిభంగం అని వంపుల తీరుకు పేర్లే పెట్టుకున్నారు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడికి వెళితే నల్లరాతి మదనికలను, అంటే అక్కడ చెక్కిన స్త్రీల బొమ్మలను, గంటసేపు నిలబడి గీయండి, కదలరు. వాళ్ల నడుము వంపు నేర్చుకోండి కానీ కొలతలు మాత్రం తీసుకోకండి. ఆ శిల్పి వాళ్లను కావాలనే సన్నగా, పొడుగ్గా చెక్కాడు.

మొదటి ప్రమాదం, తుంటిని తప్పు వైపు లేపడం. మోకాలు వంగిన కాలే లేచిన కాలు అని కన్ను మోసపోతుంది. చదవడం ఆపి లేచి నిలబడండి. రెండు చేతులూ నడుము మీద వేసుకుంటే తుంటి ఎముక అంచు గట్టిగా తగులుతుంది. బరువు కుడి కాలి మీద వేసి ఎడమ మోకాలు సడలించండి. ఏ చేయి పైకి లేచింది? కుడిది. బొమ్మ గీసే ముందు ప్రతిసారీ ఇలా మీ ఒంటిని అడగండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

రెండోది, బరువు పాదాన్ని తప్పు చోట పెట్టడం. ఎదురుగా నిలబడిన మనిషికి మెడ కింద, రెండు జత్రుకల (మెడ నుంచి భుజాల దాకా అడ్డంగా సాగే ఎముకల) మధ్య ఒక గుంట ఉంటుంది. పెన్సిల్‌ను తాపీమేస్త్రీ గుండుదారంలా నిటారుగా పట్టుకుని ఆ గుంట నుంచి కిందికి చూడండి. బరువంతా ఒకే కాలి మీద ఉంటే ఆ గీత ఆ పాదం మీదికే, దాదాపు లోపలి చీలమండ దగ్గరికి దిగుతుంది. మీ బొమ్మలో అది రెండు పాదాల మధ్య గాలిలో దిగితే ఆ మనిషి పడిపోతున్నాడని అర్థం, ముఖం ఎంత అందంగా గీసినా సరే. గోడకో స్తంభానికో ఆనుకున్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. మొదటి నెలలో వాళ్లను గీయకండి.

మూడోది అనుభవం ఉన్నవాళ్లను కూడా ముంచుతుంది. భుజాల గీత చూసి ఛాతీ వాలు నిర్ణయిస్తారు. బస్సులో కడ్డీ పట్టుకున్నవాడి భుజం లేచిందంటే జత్రుక, వెనకున్న రెక్క ఎముక లేచాయి. పక్కటెముకల గూడు అంతగా కదలదు. కాబట్టి భుజాలను నమ్మకండి. మెడ గుంట నుంచి రొమ్ము ఎముక వెంట కిందికి ఊహించుకున్న గీత ఎటు వాలితే ఛాతీ అటు వాలినట్టు. బెల్టును కూడా నమ్మకండి, ప్యాంటు జారి ఉండవచ్చు. చీర కట్టుకున్నవాళ్ల విషయంలో కుచ్చిళ్లకంటే బిగువు మడతలు చూడండి. అవి లేచిన తుంటి దగ్గర పుట్టి, సడలిన మోకాలి వైపు సాగుతాయి. బిడ్డను చంకనెత్తుకున్న తల్లి దొరికితే ఆ రోజు పండగే. తుంటి ఎముక అరుగులా బయటికి వచ్చి, బిడ్డ దాని మీద కూర్చుని ఉంటాడు.

గీసే క్రమం: మెడ గుంట, దాని నుంచి నిలువు గీత, బరువు పాదం, తుంటి వాలు, ఛాతీ వాలు, వెన్ను వంపు, రెండో కాలు, చేతులు. తల చివరికి. తలతో మొదలుపెట్టినవాళ్లు దాన్ని ముద్దు చేస్తూ అక్కడే ఆగిపోతారు. ఒక మండలం, అంటే నలభై రోజులు, ఇది తప్ప మరేదీ గీయకండి.

ఫోటో మీద గళ్లు గీసి దింపితే తొందరగా వస్తుంది కదా అంటారు. వస్తుంది. సినిమా బ్యానర్లు చేతితో గీసిన రోజుల్లో చిన్న ఫోటోను గోడంత పెద్దది చేయడానికి గళ్లే ఆధారం. కానీ ఆ పెయింటర్లకు మనిషిని గీయడం ముందే వచ్చు. మీకు గళ్లు నేర్పేది గళ్లనే. దగ్గరి నుంచి తీసిన ఫోన్ ఫోటో మరీ మోసం. ముందుకు చాచిన చేయి తలకంటే పెద్దదవుతుంది, కెమెరా చేసిన ఆ తప్పును మీరు భక్తిగా కాపీ చేస్తారు. డావిన్చీ వలయంలో నిలబెట్టిన మనిషి బొమ్మను చాలామంది గోడకు అంటించుకుంటారు. గొప్ప బొమ్మే, కానీ కొలతల కోసం గీసింది. అందులో మనిషి బస్సు కోసం ఎదురుచూడటం లేదు.

కండరాలు ఆ నలభై రోజుల తర్వాతే. వారానికి ఒక్క భాగం తీసుకుని, ఏ కండ ఏ ఎముక మీద మొదలై ఎక్కడ ముగుస్తుందో శరీర భాగాల బొమ్మలుండే అట్లాసులో చూసి, మీ సొంత చేతి మీద తడిమి గీయండి. ముంజేతితో మొదలుపెట్టండి. అరచేయి పైకి ఉంటే లోపలి రెండు ఎముకలు పక్కపక్కన ఉంటాయి. బోర్లిస్తే బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా దాటుతుంది. ముంజేయి ఆకారం మారేది అందుకే. కండల పేర్లు వల్లించడం పరీక్షలు రాసేవాళ్లకు వదిలేయండి.

పాదాలు పేజీలో పట్టడం లేదని సగంలో కోసేసే అలవాటు కూడా ఇప్పుడే మానండి. ముంజేయి ఎంత పొడవో పాదం దాదాపు అంత పొడవు, అందరూ చిన్నదే గీస్తారు. పేజీ అడుగున రెండు వేళ్ల చోటు వదిలి, ముందే అక్కడ నేల గీత గీసుకోండి. బరువు దిగే చోటే కాగితం మీద లేకపోతే నేను దిద్దడానికేమీ ఉండదు, పుస్తకం తిరిగి ఇచ్చేస్తాను.