జ్వరానికి వాడే మొక్క మలేరియాపై నిజంగా పనిచేస్తుందా? ఇలా పరీక్షించండి

మొదట ల్యాబ్‌కి కాదు, ఆ మందు ఇచ్చే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఏ భాగం కోస్తారు, ఏ కాలంలో, పచ్చిదా ఎండినదా, మరిగిస్తారా నానబెడతారా, అన్నీ అడిగి రాసుకోండి. ఆయన అనుమతి, రేపు లాభం వస్తే ఆయన వాటా కూడా అప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ జ్ఞానం ఆయనది.

తయారీ పద్ధతిని తేలిగ్గా తీసుకోవద్దు. చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందానికి ఆర్టెమిసియా మొక్క సారంతో ఫలితాలు ఒకసారి బాగా, ఒకసారి చెడ్డగా వచ్చేవి; నాలుగో శతాబ్దపు చైనా వైద్య రచయిత గె హోంగ్ రాతల్లో గుప్పెడు ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉండటంతో వేడి వల్లే మందు పాడవుతోందేమోనని ఆమెకు తట్టింది. దాదాపు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1972లో మలేరియా మందు ఆర్టెమిసినిన్ చేతికొచ్చింది, 2015లో నోబెల్ వచ్చింది.

మొక్క నమూనా ఒకటి హెర్బేరియంలో (ఎండిన మొక్కలను పేర్లతో భద్రపరిచే చోట) పెట్టించండి, జాతి పేరు తప్పితే తర్వాత చేసిందంతా వృథా.

ఇక పరీక్ష. మలేరియా తెచ్చే ఫాల్సిపారం పరాన్నజీవిని మనిషి ఎర్ర రక్తకణాల్లో, 37 డిగ్రీల వద్ద, తక్కువ ఆక్సిజన్‌లో పెంచుతారు, కాబట్టి అలవాటున్న ల్యాబ్‌లోనే చేయాలి. క్లోరోక్విన్ అనే మలేరియా మందుకి లొంగే 3డీ7, లొంగని డీడీ2 అనే పరాన్నజీవి రకాలు రెండూ పెట్టండి. సారాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించినా, చివరికి పరీక్ష పళ్లెంలోని ప్రతి వెల్‌లో (చిన్న గుంటలో) అది 0.5 శాతం దాటకూడదు. ఒక వరుసలో తెలిసిన మందు, ఇంకో వరుసలో ఉత్త డీఎంఎస్ఓ తప్పనిసరి. 72 గంటల తర్వాత డీఎన్ఏకి అంటుకుని మెరిసే సైబర్ గ్రీన్ రంగు వేయండి: ఎర్ర కణంలో కేంద్రకం ఉండదు గనక మెరిసే డీఎన్ఏ దాదాపుగా పరాన్నజీవిదే.

మెరుపు తగ్గగానే సంబరపడిపోకండి. చాలా మొక్కల్లో ఉండే, సబ్బులా నురగ వచ్చే సపోనిన్లు ఎర్ర కణాలనే పగలగొడతాయి. ఉండే ఇల్లే కూలిపోయాక పరాన్నజీవి బతకదు, మనకేమో మందు పనిచేసినట్టే కనిపిస్తుంది. అందుకే పరాన్నజీవి లేని రక్తంలోనూ అదే మోతాదు వేసి, కణాలు పగిలి ద్రవం ఎర్రబడుతోందేమో చూడండి. మామూలు మానవ కణాలను చంపే మోతాదు, పరాన్నజీవిని సగానికి తగ్గించే మోతాదు కంటే కనీసం పది రెట్లు ఎక్కువ ఉంటేనే ముందుకు వెళ్లడం మంచిది.

అప్పుడే ఎలుకలు, అదీ ఎథిక్స్ కమిటీ అనుమతితో: ఎలుకలకు మలేరియా తెచ్చే బెర్గీ రకం పరాన్నజీవిని ఎక్కించి నాలుగు రోజులు మందిచ్చి, మర్నాడు రక్తపు స్లైడ్‌కి జీమ్సా రంగు వేసి పరాన్నజీవులను లెక్కపెడతారు.

పనిచేసిన సారాన్ని భాగాలుగా విడదీసి ఒక్కోదాన్నీ మళ్లీ పరీక్షించండి. విడదీశాక ఏదీ పనిచేయకపోతే మొక్కను పక్కన పడేయకుండా ఆ భాగాలను తిరిగి కలిపి చూడండి, కొన్ని పదార్థాలు జతగా ఉన్నప్పుడే పనిచేస్తాయి.