బొమ్మల్లేని ఆన్‌లైన్ ఆట: మొదటి వారంలో ఎక్కడ ఇరుక్కుంటారు, ఎలా బయటపడాలి

మడ్ అంటే చాలామంది ఒకేసారి నెట్‌లో కలిసి, బొమ్మల్లేకుండా ఒట్టి అక్షరాలతోనే ఆడుకునే ఆట. మడ్ ఆటలకు గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మూలన పడేసిన పాత కంప్యూటరు చాలు. లంక ఊళ్ళలో సిగ్నల్ రెండు గీతలే ఉన్నా నడుస్తాయి, ఎందుకంటే వచ్చేవీ పోయేవీ ఒట్టి అక్షరాలే. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ మొదటి మడ్ తయారుచేశారు. ఆ తరహా ఆటలు ఇవాళ్టికీ రాత్రింబవళ్ళు నడుస్తున్నాయి. అమలాపురంలో మా వీధి కుర్రాళ్ళకి వీటిని అలవాటు చేస్తున్నాను. మధ్యలో మానేసేవాళ్ళు ఆట నచ్చక మానెయ్యడం లేదు. మొదటి గంటలోనే ఎక్కడో ఆగిపోయి, అడగడానికి మొహమాటపడి మానేస్తున్నారు. వాళ్ళు ఆగిపోయే చోట్లు దాదాపు ఇవే.

అడ్రసు క్రోమ్‌లో కొడితే ఆట రావట్లేదు

మడ్ నడిచేది వెబ్‌సైటుగా కాదు. టెల్‌నెట్ అనే పాత పద్ధతిలో నేరుగా సర్వరుకి కలుస్తుంది. అందుకే రెండు వివరాలు కావాలి: సర్వరు పేరు, పోర్టు నంబరు (ఆ సర్వరులో ఏ ద్వారం గుండా కలవాలో చెప్పే అంకె). ఉదాహరణకి ఆర్డ్‌వుల్ఫ్ అనే ఆటకి సర్వరు పేరు ఆర్డ్‌మడ్ డాట్ ఆర్గ్, పోర్టు 4000. విండోస్‌లో టెల్‌నెట్ ఉంటుంది గానీ విస్టా వచ్చినప్పటి నుంచి అది ఆపేసే ఉంటోంది. దాన్ని వెతికి ఆన్ చేసే బదులు మడ్‌లెట్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. కొత్త ప్రొఫైల్ తెరిచి పేరు, పోర్టు ఇస్తే చాలు.

ఇంట్లో కలుస్తుంది, కాలేజీ ల్యాబ్‌లో కలవట్లేదు

చాలా కాలేజీల నెట్‌లో మామూలు వెబ్ పోర్టులు తప్ప మిగతావి మూసేస్తారు. తప్పు మీది కాదు, ఆటదీ కాదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒకసారి కలిపి చూడండి. అక్కడ కలిస్తే కారణం తేలిపోయినట్టే. బ్రౌజర్లోనే ఆడుకునే వెబ్ క్లయింట్ కొన్ని ఆటలకి ఉంటుంది, ల్యాబ్‌లో ఆడనిస్తే అది వాడుకోవచ్చు.

పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనపడట్లేదు

కీబోర్డు పాడైందనుకుని ఆట విండో మూసేసినవాళ్ళని చూశాను. పక్కవాళ్ళ కంట పడకుండా ఆ ఒక్క వరస దగ్గర అక్షరాలు చూపించడం సర్వరే ఆపుతుంది, చుక్కలు కూడా రాకపోవచ్చు. ధైర్యంగా కొట్టి ఎంటర్ నొక్కండి.

ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. మామూలు టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ ఏ రహస్య కోడూ లేకుండా ఉన్నది ఉన్నట్టే పోతుంది. మీ మెయిలుకో బ్యాంకుకో వాడే పాస్‌వర్డ్ ఇక్కడ పెట్టొద్దు. దీనికంటూ వేరేది పెట్టుకోండి.

నేనెక్కడున్నానో తెలియట్లేదు

అందరూ ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక్కో చోటుని ‘రూమ్’ అంటారు, అది అడవైనా సరే, సంతైనా సరే. పైన చోటు పేరు, కింద నాలుగైదు వాక్యాల వర్ణన, ఆ తర్వాత దారులు, చివర్న అక్కడున్న మనుషులు, వస్తువులు వస్తాయి. కొత్తవాళ్ళు వర్ణన వదిలేసి దారుల వరస మాత్రమే చూసి, టకటకా నాలుగు దిక్కులు కొట్టి తప్పిపోతారు.

ముమ్మిడివరం నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి ఇలాగే ఒక బావి దగ్గర చాలాసేపు తిరిగింది. “అన్నయ్యా, ఎటెళ్ళినా మళ్ళీ బావి దగ్గరికే వస్తున్నానండి” అంది. వర్ణన పైకి చదవమన్నాను. మూడో వాక్యంలో ఉంది: బావి లోపలి గోడకి ఇనప మెట్లు. కిందికి అని కొట్టగానే కొత్త ప్రాంతం తెరుచుకుంది. దారుల వరసలో ఆ ‘కిందికి’ మొదటి నుంచీ ఉంది, ఆవిడ నాలుగు దిక్కులే చూస్తోంది.

నిజానికి మనకి ఇది తేలిగ్గా రావాలి. మన ఊళ్ళలో దారి అడిగితే కుడి, ఎడమ అని చెప్పేవాళ్ళు తక్కువ. “కాలవ గట్టమ్మట ఉత్తరానికెళ్ళి, వంతెన దాటి తూర్పు వీధిలోకి తిరుగు” అంటారు. మడ్ కూడా అచ్చం అలాగే దిక్కులతోనే మాట్లాడుతుంది. నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్, అప్, డౌన్ అన్న మాటల్లో మొదటి ఇంగ్లీషు అక్షరం కొడితే చాలు.

మొదటి రెండ్రోజులూ నోటు పుస్తకంలో గడి గీసి చోటు పేరు రాయండి, వెళ్ళిన దిక్కుకి గీత లాగి ఇంకో గడి. ఉత్తరానికి వెళ్ళి దక్షిణానికి తిరిగొస్తే పాత చోటే రావాలని లేదు, కొన్ని దారులు వంకర, కొన్ని ఒకవైపువే. అలాంటి గీతకి బాణం గుర్తు వెయ్యండి. మడ్‌లెట్‌లో మ్యాప్ సదుపాయం ఉంది గానీ, చేత్తో గీసినవాళ్ళకే దారులు గుర్తుంటున్నాయని నా గట్టి నమ్మకం. పూర్తిగా తప్పిపోతే ‘రికాల్’ కొట్టండి. డికు అనే పాత మడ్ నమూనా మీద తయారైన ఆటల్లో చాలావాటిలో అది మిమ్మల్ని మొదటి ఊరికి చేరుస్తుంది.

ఏం రాసినా ‘హ్?’ అంటోంది

ఆటకి మీ వాక్యం అర్థం కాదు. దానికి కావల్సింది ముందు క్రియ, తర్వాత వస్తువు, అంతే. ‘దయచేసి ఆ తలుపు తెరవండి’ అని ఇంగ్లీషులో మర్యాదగా రాస్తే పని జరగదు, ‘ఓపెన్ డోర్’ చాలు. తెలుగు మీడియంలో చదివామని భయపడేవాళ్ళకి చెబుతున్నాను: లుక్, గెట్, వేర్, వీల్డ్, కిల్, స్కోర్, ఇన్వెంటరీ, హెల్ప్ లాంటి ఇరవై మాటలు వస్తే మొదటి వారం గడిచిపోతుంది. ఫోన్‌లో ఆడేవాళ్ళు ఆటో కరెక్ట్ తీసెయ్యండి. ఒంటరి అక్షరాన్ని అది వేరే మాటగా మార్చేస్తుంది.

తెలుగులో పలకరిస్తే అవతల ప్రశ్నార్థకాలు పడుతున్నాయి

పాత సర్వర్లు చాలావరకూ ఇంగ్లీషు అక్షరాలకే తయారయ్యాయి. మడ్‌లెట్ సెట్టింగుల్లో ఎన్‌కోడింగ్‌ని (అక్షరాలు పంపే పద్ధతిని) అన్ని భాషల లిపులూ పట్టే యూటీఎఫ్-8కి మార్చి చూడండి. సర్వరే ఒప్పుకోకపోతే మీవైపు ఏం మార్చినా ఫలితం ఉండదు. వాట్సాప్‌లో చాలామంది రాసుకున్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకోండి.

మొదటి ఎలకతో కొట్లాటలోనే చచ్చిపోయాను

ముందు ఇన్వెంటరీ చూడండి. నూటికి తొంభై సార్లు కత్తి సంచిలోనే ఉంటుంది, చొక్కా కూడా అందులోనే. సంచిలోకి వచ్చినంత మాత్రాన వస్తువు తొడుక్కున్నట్టు కాదు. ‘వీల్డ్’ అంటేనే కత్తి చేతికొస్తుంది, ‘వేర్’ అంటేనే కవచం ఒంటి మీదికొస్తుంది. కొట్టే ముందు ‘కన్సిడర్’ అని ఆ జంతువు పేరు రాస్తే గెలిచే అవకాశం ఎంతో ఆటే చెబుతుంది. ‘వింపీ’ అని ఒక అంకె పెట్టుకుంటే ప్రాణం అంతకంటే తగ్గినప్పుడు పాత్ర తనంతట తనే పారిపోతుంది.

కొట్లాట మధ్యలో కరెంటు పోయింది

మన వైపు అక్టోబరు, నవంబరు తుపాన్లప్పుడు ఇది తప్పదు. మీ తెర ఆరిపోయినా పాత్ర మాయమవదు, లింకు తెగిన పాత్రగా అక్కడే నిలబడుతుంది, దెబ్బలు తింటూనే ఉంటుంది. తెగగానే ఫోన్‌లోంచైనా అదే పేరుతో లోపలికి రండి, ఉన్నచోటే దొరుకుతారు. గాలి మొదలైన రోజున ఊరు దాటి వెళ్ళొద్దు, సత్రంలాంటి భద్రమైన చోటికి చేరి ‘క్విట్’ కొట్టండి. రౌటరుకి చిన్న బ్యాటరీ బ్యాకప్ కొనగలిగితే కొనండి, పరీక్షల ఫారాలు నింపేటప్పుడూ పనికొస్తుంది.

కరెంటు ఉండగానే, ఊరికే కూర్చున్నప్పుడు తెగుతుంటే సంగతి వేరు. కాసేపు ఏమీ కొట్టకపోతే ఆటైనా, మధ్యలో ఉన్న నెట్‌వర్కైనా లైను తెంపేస్తుంది. అప్పుడప్పుడు ‘లుక్’ కొడుతుండండి. మీరు లేనప్పుడు స్క్రిప్టుతో (తనంతట తనే ఆదేశాలు కొట్టే చిన్న ప్రోగ్రాంతో) ఆడించడం మాత్రం చాలా ఆటల్లో నిషేధం, పాత్రనే తీసేయొచ్చు.

ఎవరూ పలకట్లేదు

వేళ చూసుకోండి. అమెరికా తూర్పు తీరాన రాత్రి 8 గంటలంటే మనకి మర్నాడు తెల్లవారుజామున 5.30, అక్కడి చలికాలంలో 6.30. మనం రాత్రి భోజనాలు చేసే వేళకి వాళ్ళు ఉద్యోగాల్లో ఉంటారు. పొద్దున్నే ఒకసారి ‘హూ’ కొట్టి ఎంతమంది ఉన్నారో చూసి, కొత్తవాళ్ళ కోసం పెట్టిన న్యూబీ ఛానెల్‌లో అడగండి. “సాయం చేయండి” అని ఊరుకోకుండా ఎక్కడున్నారో, ఏం కొట్టారో, ఆట ఏమందో రాస్తే జవాబు త్వరగా వస్తుంది.

అన్నదమ్ములం ఇద్దరం ఆడితే ఒకడిని గెంటేశారు

ఒకే మనిషి రెండు పాత్రలు నడపడం చాలా ఆటల్లో తప్పు. ఒకే రౌటరు మీద ఇద్దరొస్తే బయటికి ఒకే ఐపీ అడ్రసు (నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) కనిపిస్తుంది, నిర్వాహకులకి అనుమానం రావడం సహజం. రెండోవాడు చేరకముందే ‘హెల్ప్ రూల్స్’ చదివి, ఇది మా ఇల్లు, ఇద్దరం వేరు వేరు మనుషులం అని నిర్వాహకులకి ఆటలోంచే రాసి పెట్టండి.