చూసింది రాద్దాం – 4వ పాఠం: నలుగురు నాలుగు మాటలన్నప్పుడు

మొదటి పాఠంలో సిరీస్ చూస్తూ గుర్తులు రాసుకోవడం, రెండో పాఠంలో ముగింపు బయటపెట్టకుండా కథ చెప్పడం, మూడో పాఠంలో "బాగా నటించారు" అనే మాట వాడకుండా నటన గురించి రాయడం సాధన చేశాం. మూడో పాఠం అభ్యాసం చేయకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవారు ఒకసారి వెనక్కి వెళ్లి రండి. ఆ అలవాటు పడకపోతే ఈ పాఠం పట్టుబడదు.

ఈసారి మన అభిప్రాయం పక్కన పెడదాం. ఒకే సిరీస్ చూసి పదిమంది పది రకాలుగా మాట్లాడుతున్నప్పుడు దాన్ని న్యాయంగా ఎలా రాయాలో నేర్చుకుందాం. ముందుగా ఒక కట్టుబాటు పెట్టుకుందాం: "మిశ్రమ స్పందన" అనే మాట ఈ పాఠం పూర్తయ్యేవరకు మీ కాగితం మీదికి రాకూడదు. అది చదివినవారికి కొందరికి నచ్చిందనీ కొందరికి నచ్చలేదనీ తప్ప ఏమీ తెలియదు. ఆ మాత్రం ప్రతి సినిమాకూ, ప్రతి పెళ్లి భోజనానికీ చెల్లుతుంది. మనిషి ఊరికే టీవీ ముందు కూర్చోడు, ఏదో ఆశించి కూర్చుంటాడు. ఆ ఆశ ఏమిటో తెలిస్తేనే అతని తీర్పుకు అర్థం ఉంటుంది. అందుకే తీర్పుకన్నా ముందు ఆశను రాయాలి. ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఉదాహరణకు రక్తపిశాచి కథనే తీసుకుందాం. కొత్త వ్యాంపైర్ సిరీస్ వచ్చిన ప్రతిసారీ ప్రేక్షకులు గట్టిగా చీలిపోతారు. దానికి కారణం ఉంది. ఆ పాత్ర గురించి ప్రతి ఒక్కరి మనసులో ముందే ఒక బొమ్మ గీసి ఉంటుంది.

2020 జనవరి 1, 2, 3 తేదీల్లో బ్రిటన్‌లో బీబీసీ మూడు భాగాల 'డ్రాక్యులా'ను ప్రసారం చేసింది. ఒక్కో భాగం దాదాపు గంటన్నర. వెంటనే అది నెట్‌ఫ్లిక్స్‌లో మనకూ వచ్చింది. రాసినవారు మార్క్ గాటిస్, స్టీవెన్ మోఫాట్. డ్రాక్యులాగా క్లేస్ బ్యాంగ్, అతన్ని ఎదిరించే సన్యాసిని అగాథాగా డాలీ వెల్స్ నటించారు. మొదటి రెండు భాగాలను మెచ్చుకున్నవారిలోనే చాలామంది మూడో భాగం దగ్గరికి వచ్చేసరికి చిన్నబుచ్చుకున్నారు. రెండో పాఠంలో పెట్టుకున్న నియమాన్ని ఇక్కడ కొంచెం సడలించక తప్పడం లేదు: మొదటి రెండు భాగాల కథ 1897లో జరుగుతుంది, రెండో దాని చివర డ్రాక్యులా సముద్రంలోంచి ఒడ్డుకు నడిచి వచ్చేసరికి 123 ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. మూడో భాగమంతా నేటి లండన్‌లో సాగుతుంది. అసలు ముగింపు మాత్రం చెప్పను.

మేం దాన్ని ఆ ఏడాది సంక్రాంతి సెలవుల్లో నల్లగొండలో, రామగిరిలోని మా ఇంట్లో చూశాం. హైదరాబాదు నుంచి ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు వచ్చాడు. పై అంతస్తులో అద్దెకుండే మిర్యాలగూడ అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది, ఆమె కూడా దిగి వచ్చింది. పెద్దమ్మ తెల్లబట్ట పరుచుకుని సకినాలు చుడుతూ ఒక మూల కూర్చుంది. ఇంగ్లీషు రాదు కనుక అక్కడక్కడా నేను అర్థం చెబుతూ వచ్చాను. మహబూబ్‌నగర్‌లో బడిలో తెలుగు చెప్పే నా స్నేహితురాలు తన ఇంట్లో చూసి, రోజూ రాత్రి ఫోనులో మాట్లాడేది. ఈ పాఠానికి ముడిసరుకు ఆ నలుగురి మాటలే.

వారిని ఏమడగాలన్నది మొదటి మెట్టు. "ఎలా ఉంది?" అని అడగవద్దు. ఆ ప్రశ్నకు "ఫరవాలేదు" అనే జవాబే వస్తుంది, మీ కాగితం ఖాళీగా మిగులుతుంది. చూడకముందు ఏమనుకున్నారో అడగండి. ఏ చోట ఫోను చేతిలోకి తీసుకున్నారో, ఏ చోట మంచినీళ్లకు లేవబోయి మళ్లీ కూర్చున్నారో అడగండి. మరుసటి రోజు పొద్దున లేచాక ఏది గుర్తుందో అడగండి. మనసుకు ఏది పట్టిందో మాటకన్నా ముందు శరీరానికి తెలుస్తుంది. ఈ మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబులు వారి మాటల్లోనే రాసుకోండి, మీ భాషలోకి దిద్దకండి.

మిర్యాలగూడ అమ్మాయి ఈ సిరీస్‌కు మూలమైన బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాక్యులా'ను పాఠ్యపుస్తకంగా చదివింది. 1897లో వచ్చిన ఆ నవలలో డ్రాక్యులాను వేటాడేది అబ్రహాం వ్యాన్ హెల్సింగ్ అనే వృద్ధ ప్రొఫెసర్. ఇక్కడ ఆ ఇంటిపేరు ఒక సన్యాసినికి ఇచ్చారు. "నవలను ముట్టుకోకుండా ఉండాల్సింది" అంది ఆమె, మొదటి భాగం సగంలోనే. ఆమె ఆశించింది తనకు తెలిసిన పుస్తకం కళ్ల ముందు కదలాలని. అది చాలా గౌరవమైన కోరిక. పరీక్ష కోసం చదివినా, ప్రేమగా చదివిన పుస్తకం అది.

ఇక్కడే రెండో మెట్టు: విన్నదాన్ని సరిచూసుకోవాలి. నేను నవల తిరగేశాను. అగాథా అనే సన్యాసిని అందులోనే ఉంది. డ్రాక్యులా కోట నుంచి తప్పించుకొచ్చిన యువ న్యాయవాది జోనాథన్ హార్కర్‌కు బుడాపెస్ట్ ఆసుపత్రిలో సేవచేసి, అతని కాబోయే భార్య మీనాకు ఉత్తరం రాస్తుంది. మీనా అక్కడికి వచ్చినప్పుడు కాసేపు కనిపిస్తుంది. అంతే, ఆపైన కథలో ఉండదు. సిరీస్ రాసినవారు ఆ చిన్న పాత్రనూ ప్రొఫెసర్‌నూ కలిపి ఒకే మనిషిని చేశారు. డ్రాక్యులా ఇంగ్లండ్‌కు వచ్చే ఓడ ప్రయాణమూ అంతే. నవలలో కెప్టెన్ దినచర్య రూపంలో కొన్ని పేజీలు ఉన్నదాన్ని రెండో భాగమంతా పరిచారు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ అమ్మాయి చాలాసేపు ఊరుకుంది. తీర్పు మార్చుకోలేదు, కానీ "ముట్టుకున్నారు సరే, ఎక్కడ ముట్టుకున్నారో తెలిసే ముట్టుకున్నారు" అంది. మనకు పనికొచ్చే వాక్యం ఈ రెండోది. సరిచూడడం వల్ల ఎదుటివారి తప్పు బయటపడుతుందని కాదు, వారి మాట ఇంకా పదునెక్కుతుంది.

మేనల్లుడి అనుమానం వేరు. "వ్యాంపైర్‌కు ఎండ తగిలితే కాలిపోవాలి కదా అత్తా, నవలలో కూడా అంతే కదా?" అన్నాడు. అంతే కాదు. స్టోకర్ డ్రాక్యులా పగటిపూట లండన్ వీధుల్లో తిరుగుతాడు, శక్తులు మాత్రం తగ్గుతాయి. ఎండతో చనిపోవడం 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం 'నోస్ఫెరాటు'తో వచ్చింది. నవల హక్కులు తీసుకోకుండా ఆ చిత్రం తీశారని స్టోకర్ భార్య దావా వేసింది. ప్రతులన్నీ నాశనం చేయాలని కోర్టు తీర్పు ఇచ్చింది, కొన్ని ప్రతులు మాత్రం ఎలాగో మిగిలాయి. నాశనం కావలసిన చిత్రంలోని నియమం ఈ రోజు నల్లగొండలో ఒక కుర్రవాడికి అసలు నియమంగా తెలుసు. ఇది నాకు ఎంతో అబ్బురంగా తోచింది. ప్రేక్షకుడి నమ్మకం తప్పైనా కొట్టిపారేయకండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక వాక్యం రాయండి.

అందరూ తిట్టిన మూడో భాగం మేనల్లుడికే ఎక్కువ నచ్చింది. అందులో ఒక సన్నివేశం ఉంది. డ్రాక్యులా ఒక మామూలు చిన్న ఇంట్లోకి చేరతాడు. ఫ్రిజ్, టీవీ లాంటివి చూసి, శతాబ్దాల పాటు ప్రభువుగా బతికిన తనకే లేని సంపద ఇదని ఆశ్చర్యపోతాడు. అది గొప్ప ఇల్లేమీ కాదని ఆ ఇంటావిడ అభిప్రాయం. మేనల్లుడు ఆ చోట ఆపించి మళ్లీ చూశాడు. కారణం అడిగితే, తన చిన్నప్పుడు ఇంటికి మొదటిసారి ఫ్రిజ్ వచ్చిన ఎండాకాలం చెప్పాడు. వీధిలో పిల్లలంతా ఐసు ముక్కల కోసం గిన్నెలు పట్టుకుని వచ్చారట. కథ కాలం మారగానే లండన్ విమర్శకులకు తెగిపోయిన దారం అతనికి అక్కడే ముడిపడింది. పాతకాలపు కళ్లతో మన ఇంటిని చూడాలన్నదే అతని ఆశ.

పెద్దమ్మ మాట చివరికి ఉంచుతాను. ముందు మహబూబ్‌నగర్ స్నేహితురాలి సంగతి. ఆమెకు వ్యాంపైర్ అనగానే బేతాళుడే గుర్తొస్తాడు. చిన్నప్పుడు బేతాళ కథలు చదువుతూ, శవం వేలాడే చెట్టును తమ ఊరి దగ్గరి పిల్లలమర్రిగా ఊహించుకునేదట. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ ఊడల మర్రిని చూసినవారెవరికైనా ఆ ఊహ సహజమే అనిపిస్తుంది. ఈ పోలికకు చరిత్ర కూడా ఉంది: 1870లో రిచర్డ్ బర్టన్ బేతాళ కథలను ఇంగ్లీషులో రాస్తూ బేతాళుడికి 'వ్యాంపైర్' అనే పేరు పెట్టాడు. కానీ మీరు రాసేటప్పుడు ఈ రెండింటినీ కలపకండి. బేతాళుడు శవాన్ని ఆవహిస్తాడు, ప్రశ్న వేస్తాడు. 11వ శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో కూడా అతని పని ఇదే. రక్తం తాగి బతికేవాడికి తెలుగులో రక్తపిశాచి అన్న మాట ఉంది, అది చాలు.

అయితే ఆమె పోలిక తప్పు కాదు, దాన్ని సరైన చోట పెట్టాలి. మొదటి భాగంలో అగాథా హార్కర్‌ను ప్రశ్నలతో తవ్వుతుంది. రెండో భాగంలో డ్రాక్యులా, ఆమె చదరంగం ఆడుతూ మాట్లాడుకుంటారు. నా స్నేహితురాలు ఆ రెండు రాత్రులూ ఫోనులో ఉప్పొంగిపోయింది. మూడో రాత్రి ఫోను రాలేదు, నేనే చేశాను. "ఇద్దరి మధ్య ప్రశ్న చచ్చిపోయింది" అంది. ఆమె ఆశించింది భయం కాదు, ప్రశ్నా జవాబూ. విక్రమార్కుడు నోరు విప్పగానే శవం చెట్టెక్కినట్టు, ప్రతి జవాబూ కథను మళ్లీ మొదలుపెట్టాలని. మూడో భాగం చాలామందికి ఎందుకు చప్పగా తోచిందో నేను విన్నవాటిలో ఇంత సూటిగా చెప్పిన మాట మరొకటి లేదు.

మూడో మెట్టు, కూర్చడం. మామూలుగా ఇలా రాస్తారు:

"డ్రాక్యులాకు మిశ్రమ స్పందన లభించింది. కొందరు నటన బాగుందన్నారు. మరికొందరు చివరి భాగం నచ్చలేదన్నారు. ఒకసారి చూడవచ్చు."

ఇలా రాయండి:

"మా ఇంట్లో ముగ్గురు, ఫోనులో ఒకరు కలిసి నలుగురి మాట ఇది. నవల చదివి వచ్చిన అమ్మాయికి సన్యాసిని వేటగత్తె కావడం మొదట కష్టం కలిగించింది, ఆ సన్యాసిని నవలలోనే ఉందని తెలిశాక కోపం తగ్గింది, వెలితి మిగిలింది. ప్రశ్నా జవాబుల కోసం చూసిన ఉపాధ్యాయినికి రెండో భాగంతోనే కథ అయిపోయింది. ఆమె వదిలేసిన మూడో భాగంలోనే, ఒక చిన్న ఇంట్లో ఫ్రిజ్ ముందు నిలబడిన డ్రాక్యులాను చూసి ఒక విద్యార్థి తన బాల్యాన్ని గుర్తుచేసుకున్నాడు."

నాలుగోది పెద్దమ్మ మాట, దాన్ని చివర్లో చేరుద్దాం. ఇందులో లెక్క ఎంతో స్పష్టంగా చెప్పడం గమనించండి. నలుగురిని అడిగి "ప్రేక్షకులు పెదవి విరిచారు" అని రాస్తే అది అబద్ధం. నచ్చినవారిని ఒక పేరాలో, నచ్చనివారిని మరో పేరాలో తూకం వేసినట్టు పెట్టకపోవడం కూడా గమనించండి. ఒకరు వదిలేసిన చోటే మరొకరు పట్టుకున్నారు. ఆ చోటు చూపిస్తే చాలు.

ఇక పెద్దమ్మ. రక్తపిశాచి పిలవనిదే లోపలికి రాలేదన్న నియమం చెప్పగానే సకినాలు చుట్టే చేయి ఆగింది. మఠం ద్వారం అవతల డ్రాక్యులా, ఇవతల అగాథా నిలబడే సన్నివేశం అది. "పసుపు రాసిన గడప ఎందుకు బిడ్డా మరి? దాటలేకనే" అంది. తర్వాత, ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిన రోజులు గుర్తుచేసుకుంది. రాత్రి పేరు పెట్టి పిలిస్తే పలకకూడదని పిల్లలకు చెప్పుకున్న రోజులు అవి. మిగతా ముగ్గురికీ అది ఒక పాత నియమం మాత్రమే. ఆమెకు తన ఇంటి సంగతి. కాలం మారినందుకు ఆమె ఏమీ నొచ్చుకోలేదు. గడప దగ్గరి కథ సరిగా ఉందా లేదా అన్నదొక్కటే చూసింది.

మీ అభ్యాసం ఇది. ఈ నెలలో మీ ఇంట్లో చూసిన ఏదైనా సిరీస్ తీసుకోండి. ముగ్గురిని అడగండి, వారిలో ఒకరు అరవై దాటినవారై ఉండాలి. 'మిశ్రమ', 'కొందరు', 'మరికొందరు' అనే మాటలు లేకుండా 150 మాటల్లో రాయండి. రాశాక వారి గురించి రాసిన వాక్యాన్ని వారికే చదివి వినిపించండి. "నేనన్నది ఇదే" అని వారు ఒప్పుకునేదాకా దిద్దండి. ఐదో పాఠంలో ఈ పేరాను పక్కన పెట్టుకుని మన సొంత తీర్పు రాస్తాం.

నేనూ చదివి వినిపించాను. "పెద్దమ్మకు భయం వేయలేదు, గడప సంగతి మాత్రం నచ్చింది" అని రాసుకున్నాను. పెద్దమ్మ విని తల అడ్డంగా ఊపింది. "భయం వేయలేదని ఎవరన్నారు బిడ్డా? ఆ రాత్రి లేచి రెండుసార్లు గడియ చూసి పడుకున్నాను. అది రాయి."