తాలింపు ఘాటుకు ఊపిరి బిగుసుకుంటోందా? నరం సంగతి చూడండి

ఎండుమిర్చి నూనెలో పడగానే ఇంటిల్లిపాదీ దగ్గుతారు. ఆస్తమా ఉన్నవాళ్లకు మాత్రం దగ్గు ఆగాక కూడా పిల్లికూతలు, ఛాతీ బిగుతు మిగిలిపోతాయి. చాలామంది దీన్ని అలర్జీ అనుకుంటారు. నిజానికి ఇది నరాల పని. మిరపలోని క్యాప్సైసిన్ శ్వాసనాళాల్లోని నరాల కొసల మీద ఉండి ఘాటును పసిగట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని తడుతుంది (దీన్ని గుర్తించినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది). ఆ కబురు వేగస్ నరం మీదుగా మెదడుకు పోయి, అదే దారిన తిరిగొచ్చి, నాళపు కండరం దగ్గర ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం ఊరేలా చేస్తుంది. కండరం బిగుస్తుంది, కఫం పెరుగుతుంది.

ఈ ఊటకు నరం కొసనే ఒక బ్రేకు ఉంది: ఎం2 గ్రాహకం. వాపుతో చేరే ఇయోసినోఫిల్ అనే తెల్లరక్త కణాలు వదిలే ప్రోటీన్ ఆ బ్రేకును పట్టనివ్వదని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. రోజువారీ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానేసి, ఆయాసం వచ్చినప్పుడే వెంటనే ఉపశమనమిచ్చే పంపు (ఇన్‌హేలర్) కొట్టుకుంటే వాపు అలాగే ఉంటుంది. అప్పుడు అగరబత్తి పొగ కూడా పడదు.

ముందు రెండు వారాలు రాసుకోండి: ఏం పీల్చాక, ఎంతసేపటికి, ఎంతసేపు. పొద్దున, సాయంత్రం మందుకు ముందు పీక్ ఫ్లో మీటర్‌లో (ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పరికరం) మూడుసార్లు ఊది, పెద్ద అంకె వేయండి.

తర్వాత మాత్రల పట్టీలు తిరగేయండి. బీపీ మందు పేరు చివర ‘ప్రిల్’ ఉంటే (ఎనాలాప్రిల్, రామిప్రిల్) పొడిదగ్గుకు అదే కారణం కావచ్చు. ఈ మందు వల్ల నరాలను రెచ్చగొట్టే బ్రాడీకైనిన్ అనే పదార్థం కరగకుండా పేరుకుంటుంది. సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌తో మార్పించుకోండి. మార్చాక కూడా దగ్గు తగ్గడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. గ్లాకోమాకు (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) వేసే టిమోలాల్ చుక్కలు కూడా నాళాలను బిగిస్తాయి. కంటి మందే కదా అని ఎవరూ చెప్పరు!

పంపు వాడేటప్పుడు బాగా కుదిపి, స్పేసర్‌కు (మందు నిలిచే గొట్టం) తగిలించి, ఊపిరంతా వదిలి, ఒక్కసారే నొక్కి నెమ్మదిగా పీల్చండి. పది అంకెలు బిగబట్టండి. రెండోది అర నిమిషం తర్వాతే. స్టెరాయిడ్ అయితే పుక్కిలించి ఉమ్మేయాలి. క్యాప్సూల్ రకమైతే పరికరంలో పెట్టి పీల్చాలి. మింగేసేవాళ్లు తక్కువేం లేరు.

నరం కబురును కండరం దగ్గర ఆపేది టయోట్రోపియం అనే పీల్చే మందు. సీఓపీడీలో (ఎక్కువగా పొగ వల్ల శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) ముఖ్యమైన మందు. ఆస్తమాలో స్టెరాయిడ్‌కు తోడుగానే, ఒంటరిగా వద్దు. 24 గంటలు పనిచేస్తుంది కాబట్టి రోజుకు ఒక్క మోతాదే. పెంచితే నోరెండుతుంది, ప్రోస్టేట్ ఉబ్బినవాళ్లకు మూత్రం బంద్ కావచ్చు. ఇదే కోవకు చెందిన ఇప్రాట్రోపియం నెబ్యులైజర్‌లో పెడితే మాస్కు ముక్కు దగ్గర బిగుతుగా ఉండాలి. ఆవిరి కంట్లోకి చేరితే గ్లాకోమా ఉన్నవాళ్లకు కన్నునొప్పి మొదలవుతుంది.

పంపు కొట్టినా వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం ఉంటే, పెదవులు నీలంగా మారితే, 108కి ఫోన్ చేయండి.